పెరిగినదంతయు ఆశీర్వాదమేనా?

ధ్యానభాగము: రోమీయులకు 6:1, 2

రామకుప్పము ప్రాంతమున జరిగిన ఒక కూడికలో, చదువుకొనిన యౌవనస్థుడొకడు మమ్మునిట్లడిగెను: “అయ్యగారూ, బొగ్గుపులుసు వాయువు చెట్లకు ఆహారమే గదా! మన పొగ హెచ్చినకొలది చెట్లు కూడ హెచ్చుగా పెరుగును. ఇందులో మనము పశ్చాత్తాపపడవలసినదేమున్నది?” ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు.

ఆ మాటలో కొంత నిజము గలదు. చెట్టు ఆకులలోని సన్నని రంధ్రములద్వారా ఆ వాయువును పీల్చి, సూర్యరశ్మి సాయముతో దానిని చక్కెరగాను మ్రానుగాను మార్చుకొనును. 1958లో హవాయి దీవిలోని మౌనా లోవా కొండమీద కొలతలు మొదలైనప్పుడు, పది లక్షల పాళ్ల గాలిలో ఈ వాయువు సుమారు 315 పాళ్లుండెను. నేడది 420 దాటినది. బొగ్గును, పెట్రోలును కాల్చుటయే ఇందుకు ముఖ్యకారణము.

అమెరికాలో టెన్నెసీ రాష్ట్రమందలి ఓక్ రిడ్జ్ నొద్ద శాస్త్రజ్ఞులు స్వీట్‌గమ్ చెట్ల తోపునకు ఈ వాయువును అధికముగా అందించి, ఏండ్ల తరబడి పరిశీలించిరి. 2001 మొదలు 2003 వరకు ఆ తోపు పెరుగుదల మామూలు గాలిలోని తోపుకంటె 24 శాతము ఎక్కువగా నుండెను. 2008 నాటికి ఆ లాభము 9 శాతమునకు పడిపోయెను. నేలలో నత్రజని చాలకపోవుటయే దానికి ముఖ్యకారణమని వారు కనుగొనిరి. ఒకటి సమృద్ధిగా నున్నను మరియొకటి కొరవడినచో చెట్టు సాగదు.

ఎంత పెరిగినదను దానికంటె ఏమై పెరిగినదను ప్రశ్న గొప్పది. ఈ వాయువు హెచ్చినప్పుడు అనేక జాతుల ఆకులలో పిండిపదార్థము పెరిగి, నత్రజని పాలు తగ్గును. కొన్నిటిలో వగరునిచ్చు టానిన్లు కూడ హెచ్చును. నత్రజని లేనిదే మాంసకృత్తులు లేవు. అట్టి ఆకును తిను పురుగులు బలము చాలక తరచు మరింత ఆకు తినవలసివచ్చును.

మన ప్రాంతమున మల్బరీ సాగుచేయు రైతులకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. పట్టుదారము మాంసకృత్తే. తట్టలో ఎంత ఆకు పోసితిమని కాక, చంద్రికలమీద గూడు ఎంత గట్టిగా కట్టినదని వారు చూతురు. ఆకు విస్తారమై గూడు పలుచనైనచో దానిని మంచి పంట అని ఎవరందురు?

అట్లయిన నత్రజనిని కూడ కుమ్మరింతమందురేమో. మితముగా వేసిన ఎరువు మేలే. కాని ఎరువులనుండియు వాహనముల పొగనుండియు లేచిన నత్రజని అడవులమీద మితిమీరి పడినచో నేల పులిసిపోవును. సున్నము, మెగ్నీషియము కొట్టుకొనిపోవును. తుదకు చెట్టే బలహీనపడును.

ఇక ఆ యౌవనస్థుని ప్రశ్నకు వత్తము. మనుష్యులు వదలిన ఈ వాయువులో నాలుగవ వంతునకు పైగా నేలయు దానిమీది చెట్లును పీల్చుకొనుచున్నవి. ఇది సృష్టికర్త యేర్పాటులోని కనికరము. మన అప్పులో కొంత పొరుగువాడు తనంతట తానే తీర్చినచో, మరల అప్పుచేయుటకు అది అనుమతి యగునా? కృప విస్తరించుచున్నదని పాపమందు నిలిచియుండవచ్చునా అను తలంపును పౌలు భక్తుడు ఎంత ఖండితముగా త్రోసివేసెనో మనమెరుగుదుము. మన తప్పిదమునుండి దేవుడు మేలు పుట్టించినప్పుడు ఆ మేలు ఆయనది, తప్పిదము మనదే.

పైగా ఆ తప్పిదపు భారము అందరిమీద సమానముగా పడదు. ఈ వాయువు హెచ్చినచోట పండిన వరిలో మాంసకృత్తులు, ఇనుము, జింకు తగ్గునని పరీక్షలలో తేలినది. పళ్లెమునిండ అన్నమే గాని ప్రక్కన మరేమియు లేని బీదవాని బిడ్డకే ఆ నష్టము ముందుగా తగులును. ఆ బిడ్డ వదలిన పొగ ఎంత?

ప్రియులారా, మన గట్లమీది కానుగను చూడుడి. అది వేళ్లలోని సూక్ష్మజీవులతో కలిసి గాలిలోని నత్రజనిని తీసికొని, తన ఆకును పొలమునకు ఎరువుగా ఇచ్చుచున్నది. తీసికొనుటయు ఇచ్చుటయు దానికి తెలియును. ఆకులు దట్టముగా నున్న అంజూరపు చెట్టునొద్దకు ప్రభువు వచ్చినప్పుడు ఆయన వెదకినది ఆకులను కాదు. మన ఇండ్లు, పొలములు, సంఘములు పెరుగుచున్నవని సంతోషించుటకు ముందు, ఆ పెరుగుదల ఎవరికి ఆహారమగుచున్నదో ఆయన సన్నిధిని మనలను మనము పరీక్షించుకొందము గాక.