విడిభాగాలు మారిన లారీ పాతదేనా?

1954లో టాటాల సంస్థ టెల్కో, జర్మనీ సంస్థ డైమ్లర్-బెంజ్ ఒప్పందంతో మన దేశంలో తయారవడం మొదలైన టాటా-బెంజ్ లారీలకు ఇప్పుడు అసలు విడిభాగాలు దొరకడం అరుదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు అలాంటి బండి ఉంటే దగ్గరి పెద్ద బజారు బెంగళూరు జేసీ రోడ్డు. అక్కడా లేకపోతే తుక్కుబండి నుంచి తీసిన హబ్బు, లేత్ పట్టించిన బ్రేకు డ్రమ్ము, కొత్త లైనర్లు. ఇన్ని మారాక అది ఆ లారీయేనా?

ప్రశ్న పాతదే. బౌద్ధ గ్రంథం మిళిందపన్హలో నాగసేన భిక్షువు యవన రాజు మిళిందుణ్ణి రథం గురించి ఇదే అడిగాడు: ఇరుసా రథం, చక్రాలా? ఏదీ కాదు, భాగాల కూడికకు పెట్టుకున్న వాడుక పేరే రథం, మనిషీ అంతే అని తేల్చాడు. న్యాయ దర్శనం వారు, అంటే నైయాయికులు, ఒప్పుకోలేదు. అవయవాలకు వేరుగా అవయవి అనే వస్తువు నిజంగా ఉందన్నారు. అందులో ఒక చిక్కుంది. ఒక్క భాగం మారినా పాత అవయవి నశించి కొత్తది పుట్టిందనాలి. ఆ లెక్కన లైనరు మార్చినప్పుడల్లా కొత్త లారీయే! ఆయుధపూజ నాడు గుమ్మడికాయ కొట్టేవారు మాత్రం ఏటా అదే బండికి కొడతారు.

రవాణా శాఖ బండిని చాసిస్ నంబరుతో గుర్తిస్తుంది. ఇంజను మారినా నమోదు చేయిస్తే రిజిస్ట్రేషన్ పాతదే. రథమనే పేరులాగే ఆ నంబరూ మనం పెట్టుకున్న గుర్తే కాబట్టి, ఈ తగవులో ఆ శాఖ నాగసేనుడి పక్షమే.