అక్కఱకు మించిన బలము

మనుష్యుడు చేయు పనులు రెండు తెఱగులు. ఆకలి తీరుటకు, చలి మానుటకు, ఋణము తీర్చుటకు జేయునవి కొన్ని. వీనిని గూర్చి యెవరును సంజాయిషీ యడుగరు. ఎవరును గోరకున్నను, కూలి రాకున్నను, రాత్రి ప్రొద్దుపోవువఱకు దీపము పెట్టుకొని చేయునవి మఱికొన్ని. ఈ రెండవ తెఱగు పనులు సుకృతములా, వ్యసనములా యను ప్రశ్న మిక్కిలి పాతది. దానిని విచారించుటకు ఒక క్రొత్త యుదాహరణమును గైకొందము. అమెరికా దేశమున ననేకులు గృహస్థులు తమ యింటి ప్రక్కనున్న మోటారు కొట్టములలో పందెపు ఇంజనులను స్వహస్తములతో కూర్చుచుందురు. దానివలన వారికి జీవనోపాధి లేదు. అది వారి వినోదము.

ఈ వినోదము కాలిఫోర్నియాలో మొలకెత్తినది. రెండవ ప్రపంచ యుద్ధమునకు ముందే యచటి యువకులు పాత ఫోర్డు కార్లను దిద్దితీర్చి, ఎండిన సరస్సుల నేలలపై పరుగెత్తించుచుండిరి. 1937లో వారు వేగమును సరిగా కొలుచుటకై దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ అను సంఘమును స్థాపించుకొనిరి. 1955వ సంవత్సరపు కార్లలో షెవ్రొలే కంపెనీవారు ఎనిమిది సిలిండర్ల క్రొత్త ఇంజను నొకదానిని బెట్టిరి. దాని పరిమాణము 265 ఘనాంగుళములు. మొదటి బలము 162 అశ్వశక్తులు. 1957 నాటికి 283 ఘనాంగుళముల దానినుండి 283 అశ్వశక్తులు వచ్చునని ప్రకటించిరి. అనగా ఘనాంగుళమున కొక గుఱ్ఱము! పిమ్మట వచ్చిన పెద్ద ఇంజనులనుండి వేఱుపఱచుటకై దీనికి స్మాల్ బ్లాక్, అనగా చిన్న దిమ్మె, యను పేరు గలిగినది. అది తేలిక, చౌక. పాతసామానుల దొడ్లలో విరివిగా దొరకును. ఒక యేటి భాగములు మఱియొక యేటి దానికి చాలవఱకు సరిపడును. కనుక సామాన్యుడును దానిపై చేయి వేయగలిగెను. నేడు దాని వంశమునుండి 500, 600 అశ్వశక్తులను రాబట్టువారు అరుదు కారు. ఒక అశ్వశక్తి యనగా 33,000 పౌనుల బరువును నిమిషములో నొక యడుగు ఎత్తజాలు బలము. అంగడికి బోయి వచ్చుటకు ఇందులో పదవవంతు చాలును.

అట్లయిన మిగిలిన బల మేల? అని పూర్వపక్షి యడుగును. మనుస్మృతి కామమునుండి పుట్టు వ్యసనములను పదింటిని లెక్కించి, వేటను, జూదమును, వృథాసంచారమును వానిలో జేర్చినది. వేలకొలది డాలర్లు వెచ్చించి, నెలలకొలది శ్రమించి, మైలులో నాలుగవ వంతు దూరమును పది సెకండ్లలో దాటుదురు. దాటి చేరినచోట వారికి పని యేమియు లేదు. ఇంతకంటె వృథాసంచార మెచట నున్నది?

ఆక్షేపణ బలమైనదే. కాని పరుగు పది సెకండ్లది, కూర్పు నెలలది. ఆ నెలలలో జరుగున దేమో చూడవలెను. ఇంజనుకు బలము గాలివలన వచ్చును. ఒక పౌను పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు పదునాలుగున్నఱ పౌనుల గాలి కావలయును. కావున మార్గములను నునుపుచేసి, కవాటములను వెడల్పుచేసి, ఇంజను విరివిగా నూపిరి దీయునట్లు చేయుటయే యీ విద్యకు మూలము. నిమిషమునకు 7,000 చుట్లు తిరుగునప్పుడు పిస్టను సెకనునకు రెండువందల సార్లకు పైగా ఆగి, మరల వెనుకకు మఱలును. కవాటపు స్ప్రింగు ఒక్కటి విఱిగిన చాలును. కవాటము పిస్టనుపై బడి నెలల శ్రమ యొక్క క్షణములో తునుకలగును.

పిస్టను చుట్టును ఉక్కు కట్లుండును. ప్రతి కట్టు కొసల నడుమ గొంచెము సందు విడువవలెను. నాలుగు అంగుళముల సిలిండరుకు ఆ సందు అంగుళములో వేయింట పదునాఱు భాగములు, పందెమునకైన నింకను హెచ్చు. సందు చాలకున్నచో వేడికి సాగి కొసలు రెండును ఢీకొని కట్టు విఱుగును. కనుక ఒక్కొక్కదానిని ఆకురాయితో రాచి, సిలిండరులో బెట్టి కొలిచి, తీసి, మరల రాచి, మరల కొలువవలెను. ఇంచుమించుగా సరిపోయినదని సరిపెట్టుకొనువానికి ఇచట తావు లేదు. తరువాత ఇంజనును బలమును కొలుచు యంత్రమునకు దగిలింతురు. వక్తను సభ మెచ్చవచ్చును, గ్రంథకర్తను మిత్రుడు పొగడవచ్చును. ఆ యంత్రము మాత్ర మెవరి ముఖమును జూడదు. బలమును కోరువాడు దానికి మూల్యమును చెల్లింపవలెననియు నీ విద్య నేర్పును. హెచ్చు వేగమున బలమిచ్చుటకై మలచిన కామ్‌దండము తక్కువ వేగమున బలమును హరించును. అట్టి ఇంజను నిలిచియున్నప్పుడు వణకుచుండును; సంతవీధిలో నెమ్మదిగా నడువ నొల్లదు.

ఇంతటి సత్యనిష్ఠను అభ్యసింపజేయు పనిని వ్యసనమని త్రోసివేయజాలము. మన గృహములలో స్త్రీలు ప్రతి యుదయమును వాకిట చుక్కలు పెట్టి ముగ్గులు వేయుదురు. మధ్యాహ్నమునకు అవి పాదముల క్రింద చెదరిపోవును. చుక్క తప్పినచో చెఱిపి మరల వేయుదురే కాని, ఎటులైనను చెఱిగిపోవునదే గదా యని యూరకుండరు. అక్కఱకు మించి చేయు పనిలోనే మనుష్యుని శ్రద్ధ తేటపడును.

అయినను ముగ్గునకును ఇంజనుకును భేద మొకటి కలదు. ముగ్గునకు గావలసినది పిడికెడు పిండి. ఇంజనుకైన వ్యయమును చేసినవా డొక్కడే భరింపడు. పెట్రోలు ముందుగా పేలకుండుటకై 1920ల నుండి అందు సీసమును కలిపిరి. ఆ సీసము గాలిలో జేరి పసిపిల్లల బుద్ధిని చెఱచునని తేలినపిదప, అమెరికాలో రోడ్డు కార్లకు దానిని 1996లో పూర్తిగా నిషేధించిరి. మన దేశమున 2000లో మానిరి. పందెపు పెట్రోలులో కొన్ని రకములందు నేటికిని సీసము కలదు. ఒకని వినోదమునకు పొరుగింటి బిడ్డ యూపిరి మూల్యము గారాదు. ఇట్టి వివేకము ఆ విద్యలో లేకపోలేదు. వీధులలో పందెములాడి ప్రాణములు దీయుట మాన్పి, యువకులను ప్రత్యేకమైన బాటలపైకి దెచ్చుటకే 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించెను.

పొరుగువానికంటె దగ్గఱ నున్నవారును గలరు. కొట్టములో దీపము వెలుగుచున్నంతసేపు బిడ్డను జోకొట్టునది యెవరు? అంట్లు తోమునది యెవరు? ఈ ప్రశ్న అమెరికాకే చెల్లదు. మన యిండ్లలోను చదరంగమాడు పురుషుడు, తంబుర మీటు పురుషుడు, గ్రంథములు ప్రోగుచేయు పురుషుడు కలరు. వారి తీఱిక ఆకాశమునుండి రాలలేదు; వేఱొకరి రెక్కలనుండి వచ్చినది. ఆ యింటి యిల్లాలికి ముగ్గు వేయు పావుగంట తప్ప తనదైన పని లేకుండవచ్చును.

కనుక నా నిర్ణయ మిది. అక్కఱకు మించి చేయు పని మనుష్యునికి భూషణమే. దానియందలి హక్కు ఇంటిలో నందఱికిని సమానము. తాను కొట్టమునకు బోవు సాయంకాలములెన్నియో, భార్య తన కిష్టమైన పనికి బోవునట్లు తాను పొయ్యి యొద్ద గూర్చుండు సాయంకాలములును అన్నియే యైనచో, ఆ గృహస్థుని ఇంజను వినోదము. కానిచో, దాని బల మెన్ని గుఱ్ఱములదైనను, మనువు లెక్కించిన పదింటి సరసన దానికి పదునొకండవ స్థాన మీయవలసినదే.