తట్టుకుంటుంది కదా అని

రొయ్యల హేచరీలో కుర్రాడు డబ్బా మూత తీసి నా అరచేతిలో చిటికెడు పొడి వేశాడు. అచ్చం నశ్యంలా ఉంది. "ఇవన్నీ గుడ్లేనండీ. డబ్బా తెరవకపోతే ఏళ్లపాటు ఇలాగే ఉంటాయి" అన్నాడు. గ్రాముకు రెండు లక్షలకు పైనే. ఉప్పునీళ్లలో పోసి, అడుగు నుంచి గాలి వదిలి, లైటు పెట్టాడు. మర్నాడు అదే వేళకు వెళ్లి చూస్తే నీళ్లు నారింజరంగుకు తిరిగాయి. ఆ రంగంతా కదులుతోంది. రొయ్యపిల్లలకు మేత, ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవి.

మరి ముందురోజు నా చేతిలో ఉన్నది ప్రాణమా, పొడా? జేమ్స్ క్లెగ్ అనే శాస్త్రవేత్త నీళ్లలో నానిన ఈ గుడ్లను ఆక్సిజన్ లేకుండా నాలుగేళ్లు ఉంచితే, ఆ తర్వాత కూడా బతికి లేచాయి. ఊపిరి ఆగితే పోయినట్టే అనుకునే మన లెక్క ఇక్కడ పనికిరాదు.

ఉప్పు మడుల్లో ఆర్టీమియా బతుకు చూడండి. నూటికి మూడున్నర పాళ్ల ఉప్పుతో వచ్చిన సముద్రపు నీరు మడి మారేకొద్దీ చిక్కబడుతుంది. మొదటి మడుల్లో చేపలు దీన్ని మిగలనివ్వవు. ఉప్పు గడ్డకట్టే చివరి మడుల్లో ఇదే నిలవలేదు. చేప రాలేని ఆ నడిమి మడులే దీని లోకం. అక్కడ నీరు బాగుంటే తల్లి ఈదే పిల్లల్నే కంటుంది. ఉప్పు ఎక్కువై, ఆక్సిజన్ తగ్గి, మేత కరువైతే గట్టి పెంకు గుడ్లు పెడుతుంది. దాన్ని తల్లి నిర్ణయం అనొచ్చా? మనసు లేనిదానికి నిర్ణయమేమిటంటారు. కరువుకాలంలో పిల్లల్ని మేనమామల ఇళ్లకు పంపేసిన తల్లుల్ని నేనెరుగుదును. అప్పుడు నిర్ణయించింది వాళ్లా, నీళ్లా?

ఓర్పు ఊరికే రాదు. ఆక్సిజన్ తగ్గితే హిమోగ్లోబిన్ పెంచుకుని దీని ఒళ్లు ఎర్రబడుతుంది. ఉప్పు పెరిగితే, ఎదగాల్సిన శక్తంతా ఒంట్లో చేరిన ఉప్పును బయటికి నెట్టడానికే సరిపోతుంది. అయినా తట్టుకుంటుంది కదా అంటాం. ఓర్చుకునేవాళ్ల నెత్తినే ఇంకో బరువు పెట్టడం మనకు అలవాటు.

ఈ గుడ్లకు పెద్ద పుట్టిల్లు అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న గ్రేట్ సాల్ట్ లేక్. 1959లో రైలు కట్ట వేసి ఆ సరస్సును రెండు చేశారు. నదులు కలవని ఉత్తర భాగం ఉప్పుతో నిండిపోయి ఆర్టీమియాకు పనికిరాకుండా పోయింది. దక్షిణానికి రావాల్సిన నదులను చేలకూ ఊళ్లకూ మళ్లించారు. 2022 నవంబరులో సరస్సు మునుపెన్నడూ లేనంత కిందికి దిగింది. దక్షిణాన ఉప్పు 18 శాతం దాకా పోయింది. వలసదారిలో అక్కడ ఆగి వీటినే తిని బలం పుంజుకునే పక్షులు లక్షల్లో ఉన్నాయి. అవేం తినాలి?

ఉత్తరం నుంచి ఉప్పు రాకుండా ఆ రైలు కట్టకున్న గండిలో రాళ్ల అడ్డు ఎత్తు పెంచారు. ఆ చలికాలం మంచు బాగా కురిసింది. 2023 వసంతంలో అది కరిగి వచ్చిన నీటితో ఉప్పు తగ్గింది, గండం గడిచింది. నదుల నీరు మాత్రం ఇప్పటికీ సరస్సు చేరకముందే చేలకు మళ్లుతూనే ఉంది.