పేరులేని వృత్తి

దేహమును విక్రయించి జీవించు స్త్రీకి మన భాషలో పేర్లు కొల్లలు. వేశ్య, గణిక, వారకాంత, వెలయాలు, సాని: నిఘంటువు విప్పినచో ఇట్టివి వరుసగా కనబడును. ఆమెను కొనువానికిని పేరు కలదు; వాడు విటుడు. ఆ పేరులో నిందకంటె పరిహాసమే హెచ్చు. నాటకములలో వాడు నవ్వించి పోవును. కాని అదే పనిచేసి పొట్టపోసికొను పురుషుని పిలుచుటకు నలుగురిలో నోటితో పలుకదగిన మాట మనకొక్కటియు లేదు. ఉన్నవి తిట్లు మాత్రమే. పేరు లేనంతమాత్రమున మనిషి లేకపోడు. మనము చూడదలపని వానికి పేరు పెట్టుట మానుకొంటిమి, అంతియే.

ఈ విషయము కుటుంబస్త్రీలు చదువు పత్రికలో వ్రాయదగునా యని కొందరు అడుగవచ్చును. నూరేండ్లకు పూర్వము బోగముమేళములనుగూర్చి వ్రాసినప్పుడును ఈ ప్రశ్నయే వచ్చినది. వీరేశలింగము పంతులుగారును, రఘుపతి వేంకటరత్నము నాయుడుగారును దానిని లెక్కచేయలేదు. పెండ్లిపందిళ్లలో పెద్దమనుష్యుల నడుమ ఆడిన మేళము వెనుక ఒక బాలిక జీవితము బలియగుచున్నదని సంఘముచేత అంగీకరింపజేయుటకు దీర్ఘకాలము పట్టినది. ఆడపిల్లలను దేవాలయములకు అంకితము చేయుటను నిషేధించిన శాసనము మద్రాసు రాజధానిలో 1947లో గాని రాలేదు. ఆ సంస్కర్తల ఋణము తీర్చుకొనరానిది. అయినను వారి కాలమున అందరును వేసికొన్న ప్రశ్న యొక్కటే: స్త్రీ ఏల పతితురాలగుచున్నది? స్త్రీస్వభావ మనిరి, కులాచార మనిరి, వైధవ్య మనిరి, విద్యాహీనత యనిరి. పురుషుడును ఇదే సంతలో అమ్ముడుపోవుచున్నాడని గుర్తించినచో ఈ సమాధానములలో కొన్ని వెంటనే వీగిపోవును. వానికి స్త్రీస్వభావము లేదు, వైధవ్యము లేదు, దేవదాసీ కులము లేదు. ఐనను అమ్ముడుపోయినాడు. కావున కారణము వేరొకచోట వెదకవలసియున్నది.

ఇది నేటి నాగరకత తెచ్చిన వింత యని తలపరాదు. మన వాత్స్యాయనుడే కామసూత్రములలో తృతీయాప్రకృతి యను పేరిట రెండు తెగలవారిని పేర్కొని, స్త్రీరూపము ధరించువారు వేశ్యలవలెను, పురుషరూపముననే యుండువారు అంగమర్దనము చేయుచును బ్రదుకుదురని చెప్పియున్నాడు. జపాను దేశమున ఎడో నగరములో కగేమా లనబడు బాలురు నాట్యశాలల ననుసరించి, ఒప్పందములచే కట్టుబడి, తేనీటిశాలలలో విటుల పాలగుచుండిరి. ఇట్టి ఉదాహరణములు దేశదేశములను గలవు. ఐతే ఈ వృత్తినిగూర్చిన నీతివిచారమును అన్నిటికంటె స్పష్టముగా మనకు విడిచిపోయినది ప్రాచీన గ్రీసుదేశపు ఏథెన్సు నగరము.

క్రీ. పూ. 346-345 ప్రాంతమున ఆ నగరమున టిమార్కసు అను రాజకీయవేత్తపై ఈస్కినీసు అను వక్త ఒక అభియోగము తెచ్చెను. యౌవనమున దేహము నమ్ముకొన్న పౌరుడు ప్రజాసభలో మాటలాడరాదు, పదవి స్వీకరింపరాదు అని ఏథెన్సు శాసనము. టిమార్కసు అట్టివాడని ఈస్కినీసు వాదించెను. వాదసార మిది: తన దేహమును అమ్ముకొనినవాడు నగరముయొక్క మేలునుమాత్రము అమ్మివేయకుండునా? వినుటకు గంభీరముగనే యున్నది. టిమార్కసు పౌరహక్కులు కోల్పోయెను. కాని ఆ వ్యాజ్యెము వెనుక కథను గమనింపుడు. రాయబారమున ద్రోహము చేసెనని ఈస్కినీసుపైననే నేరము మోపుటకు టిమార్కసు డెమాస్తనీసుతో కలిసి పూనుకొనియుండెను. తన నేరవిచారణ తప్పించుకొనుటకు ఎదుటివాని గతమును బయటికి లాగుట ఈస్కినీసునకు అనుకూలించినది. నీతి ఇచ్చట ధర్మముగా రాలేదు, ఆయుధముగా వచ్చినది.

ఆ ప్రసంగముననే మరికొన్ని సంగతులు బయటపడుచున్నవి. ఈ వృత్తిపై నగరము ఏటేట పన్ను విధించి, దాని వసూలును గుత్తకిచ్చుచుండెను. పౌరులు కాని పరదేశీయులును బానిసలును ఆ పని చేసినచో ఏథెన్సు గౌరవమునకు లోపము లేదు. సొమ్మును నగరము పుచ్చుకొనును. అవమానమునుమాత్రము అమ్ముడుపోయినవాడే మోయవలెను. ఒక్క న్యాయమైన మాటయు ఆ శాసనములలో లేకపోలేదు. తండ్రి గాని సంరక్షకుడు గాని బాలుని ఈ పనికి అద్దెకిచ్చినచో శిక్ష బాలునికి కాదు, ఇచ్చినవానికిని పుచ్చుకొన్నవానికిని. అంతేకాదు, అట్టి కుమారుడు పెద్దవాడైన పిమ్మట ఆ తండ్రికి అన్నము పెట్టనక్కరలేదు, ఇంట నుంచుకొననక్కరలేదు. చనిపోయినప్పుడు అంత్యక్రియలు మాత్రము చేసిన చాలును. పితౄణమును మించిన ఋణము లేదని నమ్ము మనకు ఇది ఆలోచింపదగిన మాట. బిడ్డను అమ్మిన తండ్రి తన పితృత్వమునే అమ్ముకొన్నాడని ఆ శాసనకర్తలు గ్రహించిరి.

ఈస్కినీసు వాదమునకు అతని నోటినుండి కాక అతని నగరపు చరిత్రనుండియే ప్రత్యుత్తరము దొరకుచున్నది. అంతకు రెండు తరములకు పూర్వము ఎలిసు పట్టణమునుండి ఫీడో అను బాలుడు ఏథెన్సునకు వచ్చెను. అతడు ఉన్నతవంశజుడనియు, యుద్ధమున తన పట్టణము పట్టువడగా బానిసయై వేశ్యాగృహమున నిలుపబడెననియు, తలుపు మూసి బయటికి జారుకొని సోక్రటీసు గోష్ఠికి పోవుచుండెననియు, సోక్రటీసు ప్రేరణచే మిత్రులు సొమ్మిచ్చి అతనిని విడిపించిరనియు డయోజనీసు లాయర్షియసు తత్త్వవేత్తల చరిత్రలలో వ్రాసియున్నాడు. క్రీ. పూ. 399లో సోక్రటీసు విషము త్రాగిన దినమున ఈ ఫీడో అతని చెంత కూర్చుండియుండెను. ఆత్మ నశింపదను ఆనాటి సంభాషణను ప్లేటో ఫీడో పేరిటనే, అతడు చెప్పినట్లుగనే వ్రాసెను. గురువు మాటలాడుచు అతని జుట్టును నిమిరెనని అందులో నున్నది. తరువాత అతడు తన ఊర తత్త్వశాస్త్రపాఠశాల స్థాపించెను. దేహము నమ్మినవాడు అన్నిటిని అమ్మునని ఈస్కినీసు చెప్పినది ఇట్టివానినిగూర్చియేనా? ఫీడో అమ్ముకొనలేదు, అమ్మబడినాడు అని మీరందురు. ఆ తారతమ్యము న్యాయమైనదే. కాని వీధిలో నిలిచియున్నవానిని చూచినప్పుడు మనలో నెందరు ఆ తారతమ్యమును విచారింతుము?

రోమునందు ఈ కథ మరింత క్రూరమయ్యెను. అచ్చటి పంచాంగములో ఏప్రిలు 25వ దినము వేశ్యాగృహముల బాలుర పండుగగా నమోదు చేయబడియుండెను. కలిగులా చక్రవర్తి వ్యభిచారవృత్తిపై పన్ను వేసెను. కాలక్రమమున మారుచు వచ్చిన అట్టి పన్ను 498లో అనస్తాసియసు రద్దుచేయువరకు రోమకరాజ్యమున నిలిచియుండెను. నడుమ, 390లో, థియడోసియసు మున్నగు చక్రవర్తుల పేర వెలువడిన శాసనము ఒకటి పురుషవేశ్యాగృహములనుండి ఆ మనుష్యులను ఈడ్చి ప్రజలయెదుట కాల్చివేయుడని ఆజ్ఞాపించినది. ఈ దినముల వరుసను గమనింపుడు. వారిని నిప్పులో వేయుమన్న తరువాతను నూరేండ్లకు పైగా రాజ్యము ఈ వృత్తినుండి పన్ను పుచ్చుకొనుచునే యుండెను. కొన్నవారిని వెదకుటకు ఆ శాసనము అంతటి ఆతురత చూపలేదు.

ప్రాచీనుల మాట యటుండనిండు. 1889 జులైలో లండను తంతితపాలా కార్యాలయమున సొమ్ము పోయెనని విచారణ జరుగగా, పదునైదేండ్ల తంతిబంట్రోతు ఒకనియొద్ద జీతమునకు మించిన పైకము దొరకెను. ఎచ్చటిదని అడుగగా క్లీవ్‌లాండు వీధిలోని ఒక యింటి గుట్టు బయటపడెను. ఆ యింటికి వచ్చువారిలో ప్రభువంశీయు లుండిరి. ఫలితమేమి? బాలురను చేర్చిన యువగుమాస్తాకు నాలుగు నెలలు, ఇంటి వ్యవహారములో పాలుగొన్న వేరొకనికి తొమ్మిది నెలలు కఠినశిక్ష. బంట్రోతు బాలురు ఉద్యోగములనుండి తొలగింపబడిరి. ఇంటి యజమాని దేశము విడిచి పారిపోయెను. లార్డు ఆర్థరు సోమర్సెటు ఫ్రాన్సునకు పోయి మరల విచారణకు చిక్కలేదు. పెద్దల పేర్లు ప్రకటించిన పత్రికాసంపాదకుడు ఎర్నెస్టు పార్కు, తానాపాదించినదానిని నిరూపింపలేక, 1890 జనవరిలో అపవాదనేరమునకు ఒక సంవత్సరము చెరసాలకు పోయెను. కొన్న ప్రభువులలో నొక్కడైనను జైలుమెట్టు తొక్కలేదు.

ఏథెన్సు, రోము, లండను ఈ మూడును ఒకే పాఠము చెప్పుచున్నవి. ఈ వ్యాపారమున చేతులు మారునది రొక్క మొక్కటే కాదు. సిగ్గుకూడ చేతులు మారుచున్నది. కొనువాడు తన సిగ్గును సొమ్ముతోపాటు అమ్మువాని చేతిలో పెట్టి, తేలికపడి ఇంటికి పోవుచున్నాడు. అమ్మువాడు స్త్రీయైనచో ఆమె స్వభావమే యిట్టిదని సమాధానము చెప్పుకొంటిమి. పురుషుని విషయమున ఆ సమాధానము చెల్లదు గనుక అసలు కారణము పైకి తేలుచున్నది: పేదరికము, పరాధీనత, ఆదరించు ఇల్లు లేకపోవుట, ఎదుట కొనగలవాని బలము.

ఇక మన దేశమునకు వత్తము. 1956లో పార్లమెంటు చేసిన శాసనము స్త్రీలను, బాలికలను మాత్రమే పేర్కొనెను. 1986లో దానిని సవరించి "వ్యక్తులు" అను మాట చేర్చిరి. పురుషుడును దోపిడికి గురియగునని శాసనము ఒప్పుకొనుట అదియే మొదలు. కాని మాట మారినంతగా మనస్సు మారలేదు. బహిరంగముగా పిలిచెనను నేరమునకు స్త్రీకి జుల్మానాతో పోవు వీలున్నది. న్యాయస్థానము ఆమెను సంస్కరణాలయమునకును పంపవచ్చును. పురుషునికైతే ఏడు దినములకు తక్కువకాని, మూడు నెలలవరకు సాగదగిన ఖైదు. సంస్కరణాలయపు విధి స్త్రీకి మాత్రమే. అనగా స్త్రీ బాగుపడవచ్చునని శాసనమున కాశ యున్నది. పురుషునియందు ఆ యాశయు లేదు. వయోజనులమధ్య ఇష్టపూర్వకమైన స్వలింగసంబంధము నేరము కాదని సుప్రీముకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పెను. వయోజనులై తమంతట ఈ వృత్తిలో నున్నవారిని పోలీసులు వేధింపక మర్యాదతో చూడవలెనని 2022 మే 19న ఆదేశించెను. ఇవి గొప్ప మాటలే. అయినను 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అత్యాచారమను నేరము స్త్రీవిషయమున మాత్రమే చెప్పబడినది. వయోజనుడైన పురుషుని బలాత్కరించినచో ఆ విధి వర్తింపదు. పాత శిక్షాస్మృతిలోని 377వ సెక్షనుకు బదులు మరియొకటి పెట్టలేదు. వీధిలో నిలిచినవానిని కొనువాడు కొట్టి బలాత్కరించినచో, వాడు ఠాణామెట్టెక్కి ఏ పేరుతో ఫిర్యాదు చేయవలెను?

ఈ సిగ్గు ఎంత లాభదాయకమో గ్రహించిన మోసగాండ్రు కూడ నున్నారు. సంపన్నస్త్రీలతో స్నేహము, దినమునకు వేలరూపాయల ఆదాయము అని ఫోనులలో ప్రకటించి, నమోదు రుసుమనియు, వైద్యపరీక్ష యనియు వంతులవారీగా సొమ్ము లాగి మాయమగుచున్నారు. నిరుద్యోగియైన యువకుడు అప్పుచేసి కట్టును. మోసపోయితినని తండ్రితో చెప్పలేడు, పోలీసులతో చెప్పలేడు. అతని మౌనమే ఆ వ్యాపారమునకు పెట్టుబడి.

ఇట్లు చెప్పుచు పోయినచో ఈ వృత్తిని మెచ్చుకొనినట్లు కాదా యని ఒక ఆక్షేపణ రావచ్చును. సిగ్గు సడలినచో యువకులు గుంపులుగా ఈ దారి పట్టుదురని భయపడువారు కలరు. నేను ఈ వృత్తిని మెచ్చుటలేదు. మనస్సు లేనిచోట దేహము నప్పగింపవలసి వచ్చుట కడుపు మాడ్చుకొనుటకంటె చిన్న బాధ యని నేననుకొనను. బాలుని విషయమున తర్కమే లేదు. అది వృత్తి కాదు, అపరాధము. అపరాధి కొనువాడును, చేర్చువాడును. వయోజనుడు తెలిసి ఎంచుకొన్నచో ఆ యెంపిక నేనైతే చేసియుండను అని చెప్పుటకు నాకు హక్కున్నది. వానిని మనుష్యుడుగా లెక్కింపనని చెప్పుటకు హక్కు లేదు. సిగ్గుచే ఈ వృత్తి ఆగుననుటకు చరిత్రలో సాక్ష్యము లేదు. అగ్నిశిక్షయే ఆపలేదు. సిగ్గు చేసిన పని ఒక్కటే: అందులో నున్నవానిని ఆస్పత్రికి, న్యాయస్థానమునకు, కన్నయింటికి దూరము చేసినది.

చదువరులారా, కడపటిది మన ఇంటి మాట. మగపిల్లవానికి ఏమి భయము లెమ్మని మనము నిశ్చింతగా నుందుము. ఆడపిల్ల ఆలస్యముగా వచ్చినచో వీధిలో నిలిచి చూతుము. మగపిల్లవాడు రాత్రియంతయు రాకున్నను తెల్లవారినతరువాత గాని అడుగము. వాని స్వభావము మన యిష్టమునకు భిన్నమని తెలిసిన దినమున వానిని గెంటివేయుటకు మాత్రము వెనుదీయము. అట్లు వాకిలి దాటినవానికి పట్టణమున తెరచియుండు తలుపులు ఎట్టివో ఊహించుట కష్టము కాదు. వీధిలోనికి వాని నెవ్వరు త్రోసిరని విచారించినప్పుడు జాబితాలో మొదటిపేరు విటునిది కాకపోవచ్చును.

వెనుక తరము సంస్కర్తలు పెండ్లిపందిటిలో మేళము కట్టించిన పెద్దమనిషిని చూపి, సిగ్గుపడవలసినది ఈయన, ఆ బాలిక కాదు అని చెప్పిరి. ఆ మాటను బాలునికిని వర్తింపజేయుట మన తరమునకు మిగిలిన పని. ఎప్పుడో ఒకనాడు ఆ పిల్లవాడు తిరిగివచ్చి తలుపు తట్టినచో, ఎక్కడికి పోయితివని అడుగుటకు ముందు అన్నము తింటివా యని అడుగుడు.