తీర్పు వచ్చాక కూడానా?

చిరంజీవి అమ్మాయికి,

నీ ఇంగ్లీషు కథనాలు వదలకుండా చదువుతున్నాను. చెయ్యి బాగా తిరిగింది. కానీ ఖాయంగా ఒక మాట చెప్పాల్సిన చోటల్లా ‘ది జ్యూరీ ఈజ్ స్టిల్ అవుట్’ అని రాసి తప్పుకుంటున్నావు.

‘ఇంకా తేలలేదు’ అనడానికి అది మంచి నుడికారమే. అయితే అది కోర్టు హాల్లో పుట్టిన మాట. ఇంగ్లండులో సాక్ష్యాలు, వాదనలు అన్నీ అయ్యాక పన్నెండుమంది జ్యూరీ సభ్యులు పక్క గదిలోకి వెళ్లి తర్జనభర్జన పడతారు. వాళ్లు తిరిగొచ్చేదాకా జడ్జీ అయినా ఆగాల్సిందే. (మన 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనే జ్యూరీకి చోటు లేకుండా పోయింది కాబట్టి, నీ తరానికి ఇదంతా సినిమాల్లో చూసిన సంగతే.) వినాల్సిందంతా విన్నాక మొదలయ్యే నిరీక్షణ అది. విచారణే మొదలుకానిదానికి ఆ మాట అతకదు. తీర్పు వచ్చేసినదానికైతే అసలే వాడకూడదు.

ఈ రెండోదే ప్రమాదం. పొగతాగేవాళ్లలో ఊపిరితిత్తుల కేన్సర్ ఎక్కువని 1950లోనే ఇంగ్లండులో డాల్, హిల్ అనే ఇద్దరు లెక్కలతో చూపించారు. అమెరికాలోనూ అలాంటి అధ్యయనాలే వచ్చాయి. 1954 జనవరిలో అక్కడి సిగరెట్ కంపెనీలు కూడబలుక్కుని, 400కు పైగా పత్రికల్లో పెద్ద ప్రకటన వేయించాయి. సిగరెట్టే కారణమనడానికి రుజువు లేదట, పరిశోధనకు తామే డబ్బిస్తారట! సిగరెట్ మంచిదని జనాన్ని నమ్మించాల్సిన పని వాళ్లకు లేదు. విషయం తేలలేదనిపిస్తే చాలు, అమ్మకాలు సాగిపోతాయి. 1964 జనవరి 11న అమెరికా ప్రభుత్వ ఆరోగ్యాధికారి అయిన సర్జన్ జనరల్ నివేదిక సిగరెట్టే కారణమని తేల్చాక కూడా ఏళ్ల తరబడి అదే పాట పాడారు. వాళ్ల మాటనూ వైద్యుల మాటనూ చెరిసగం అచ్చేసిన విలేకరులు తాము నిష్పక్షపాతంగా ఉన్నామనే అనుకుని ఉంటారు. నాకది బద్ధకంగానే కనిపిస్తుంది.

మొన్న చెరువు నీళ్ల మీద రాశావే, ల్యాబ్ రిపోర్టు నీ చేతిలోనే ఉంది. ఫ్యాక్టరీవాళ్లు కాదన్నారు, అంతే. దానికి జ్యూరీని ఎందుకు పిలిచావమ్మా? ఈసారి రిపోర్టులో ఏముందో ముందు రాయి. వాళ్లు కాదంటే ఆధారం అడుగు. ఇస్తే అదీ వెయ్యి, ఇవ్వకపోతే ఇవ్వలేదనీ రాయి.

ఇట్లు,
పెదనాన్న