ముప్పదియైదు మార్కుల గడప

అక్షరజ్ఞానమునకు కొలబద్ద కలదా? పదవ తరగతి పబ్లిక్ పరీక్ష తానే ఆ కొలబద్దననును. మన రాష్ట్రమున నూటికి 35 మార్కులు, హిందీలో మాత్రము 20 వచ్చినవాడు ఉత్తీర్ణుడు. తెలుగులో 34 వచ్చిన బాలుడు ఆ ఒక్క మార్కునకే నిరక్షరాస్యుడగునా? ఇరువదితో హిందీ గట్టెక్కినవాడు పండితుడగునా?

2020లో కరోనా వలన పరీక్షలు రద్దయి పిల్లలందరును ఉత్తీర్ణులైరి. నాడు సంతోషింపని తల్లిదండ్రులు అరుదు. అయినను, పత్రము చేతనుండియు ఉత్తరము చదువలేని బిడ్డకు జరిగినది మేలా? పరీక్షను తీసివేసినంతమాత్రమున న్యాయము జరుగదు.

2009 నాటి విద్యాహక్కు చట్టము ఎనిమిదవ తరగతి ముగియువరకు పిల్లలను ఏ తరగతిలోను నిలుపరాదనెను. 2019 సవరణ ఆ నిర్ణయమును ప్రభుత్వములకు విడిచినది. ఉద్దేశము మంచిదే. నిలుపవద్దనగా నేర్పవద్దని కాదు గదా! ఏండ్ల తరబడి ఎవరును వానిచేత ఒక పుట చదివించి వినక, పదవ తరగతిలో ఒక్కమారుగా అడిగి, తప్పు వానిదేయనుట ఏ ధర్మము? బాకీ బడిది, జరిమానా బిడ్డది.

1926లో ఏర్పేడున వ్యాసాశ్రమమును స్థాపించిన మలయాళ స్వామివారు కులభేదము, స్త్రీపురుష భేదము ఎంచక సంస్కృతమును, వేదాంతమును నేర్పించిరి. నేడు అదే మండలమున ఐఐటీ, ఐసర్ వెలసినవి. అచట ప్రవేశపరీక్ష సబబే. ఉన్న స్థానములకు కొందరినే ఎన్నుకొనవలెను గనుక. పదవ తరగతి పరీక్ష ఎన్నుకొనుటకు కాదు, చదువ వ్రాయ వచ్చినదా అని చూచుటకు. ఆ చూచుట మూడవ తరగతిలోనే జరిగినచో, వెనుకబడిన బిడ్డకు మరల నేర్పుటకు ఏడేండ్ల వ్యవధి మిగులును.