ఎరయు గాలమును

మూలవాక్యములు: యాకోబు 1:14, మత్తయి 17:27, లూకా 5:10



మార్చి, ఏప్రిలు నెలలు వచ్చునప్పటికి యాప్రాల్, కాప్రా, అల్వాల్, షామీర్‌పేట ప్రాంతములలోని చెరువుల నీరు వెనుకకు తగ్గును. వానకాలమున కట్టను తాకిన నీరు ఈస్టరునాటికి నడిమి లోతునకు చేరును. అంచున తడిబురద, దాని ప్రక్కన తుంగ, ఆ లోపల కదలని నీరు. గాలము వేయువారికి ఇదియే మంచి కాలము. బడి విడిచిన పిల్లలు, పని దిగిన కూలివారు, ఆరాధన ముగియగానే బైబిలు ఇంటనుంచి వెదురుకర్ర చేతబట్టిన మన సంఘపు యౌవనులు, అందరును గట్టున కనబడుదురు. ఆరాధనకు ముందే గట్టున కనబడువారిని గూర్చి నేనిక్కడ ఏమియు వ్రాయను.

చేపలు పట్టుట పాపము కాదు. మన ప్రభువు శిష్యులలో అనేకులు ఆ వృత్తివారే. అయితే చెరువు మత్స్యకారుల సంఘము గుత్తకు తీసికొనినదైనయెడల వారినడిగియే గాలము వేయవలెను. అడుగక పట్టినది దొంగసొత్తే. మురుగునీరు కలిసిన చెరువులోని చేపను ఇంటికి తెచ్చి పిల్లలకు పెట్టకుడి. ఇంతవరకు చెప్పి అసలు సంగతికి వచ్చెదను.

చిన్న పరిగెలను పట్టుటకు గొప్ప విద్య అక్కరలేదు. సన్నని వెదురుకర్ర, దానియంత పొడవు నైలాను దారము, గోరంత గాలము, దానికి జానెడు పైన చిన్న సీసపు ముక్క, ఆ పైన బెండు. పూర్వము జొన్నదంటు బెండుగాని నెమలి ఈక కాడగాని కట్టెడివారు. ఇప్పుడు పిల్లలు థర్మోకోలు ముక్క కట్టుచున్నారు. నెమలి ఈక కాడయే మేలని నా తలంపు. పరిగె మూతితో తాకినంతనే అది వణకును. థర్మోకోలు ముక్క చేప గట్టిగా లాగినగాని కదలదు. ఎర గోధుమపిండి. నీళ్లు తక్కువ పోసి గట్టిగా పిసికి, జొన్నగింజంత ఉండను గాలపు మొనకు గ్రుచ్చవలెను. ఉండ పెద్దదైతే పరిగె దానిని చుట్టును కొరికి తిని పోవును, దాని నోరు చిన్నది గదా. ఎండ ఎక్కక మునుపును, సాయంకాలము చల్లబడిన తరువాతను అవి అంచునకు వచ్చును. సూర్యుడు మీకెదురుగా ఉండునట్లు కూర్చుండుడి. మీ నీడ నీటిమీద పడినయెడల ఒక్కటియు నిలువదు.

జెల్లకు పిండి చూపి ప్రయోజనము లేదు. దానికి ఎర్ర కావలెను. పట్టణమువారు వానపామనునది మన పల్లెలలో ఎర్రయే. బోరింగు దగ్గర తడిమన్ను త్రవ్వితే గుప్పెడు దొరకును. జెల్ల నీటి అడుగున తిరుగునది, మీసములతో వెదకునది, ప్రొద్దు గ్రుంకిన తరువాత మేతకు వచ్చునది. కావున సీసము కొంచెము బరువుగా కట్టి ఎరను నేలకు దింపవలెను. పరిగెవలె కొరికి చూడదు, ఒక్కసారిగా మ్రింగును, బెండు మునిగిపోవును. తీయునప్పుడు జాగ్రత్త: వీపున ఒకటి, ఇరుప్రక్కల రెండు ముళ్లు నిలబెట్టి పొడుచును.

కొర్రమీను సంగతి వేరు. మన తెలంగాణకు అది రాష్ట్రపు చేపయైనది గదా! అది నీటిలోనే గాక పైకి వచ్చి గాలిని కూడ పీల్చును. గుర్రపుడెక్క అంచున బుడగ లేచిన చోటును చూచి, చిన్న కప్పనుగాని బ్రదికియున్న పరిగెనుగాని గాలమునకు గ్రుచ్చి అచ్చట మెల్లగా ఆడింతురు. మరియొక పద్ధతియు కలదు, అది నాకు సమ్మతము కాదు. కొర్రమీను పిల్లలు పొదిగిన దినములలో ఎర్రని చిన్న పిల్లలు గుంపుగా నీటిపైన తేలుచుండును. తల్లిదండ్రులు క్రింద కావలి కాయును. ఆ గుంపుమీదుగా కప్పను లాగినయెడల పెద్దచేప ఎగిరి పట్టును. ఆకలిచేత కాదు, పిల్లలను కాచుకొనవలెనను ఆతురతచేత అది నోరు తెరచును. కాపరి పోయిన పిల్లలను తక్కిన చేపలు తిని వేయును.

ఇక జిలేబి చేప. ఇది ఆఫ్రికా జలములది. 1952లో మన దేశమునకు తేబడి ఇప్పుడు మన చెరువులన్నిటను నిండియున్నది. పిండికి వచ్చును, ఎర్రకును వచ్చును. నీరు తేటగానున్నచోట అంచు నేలలో పళ్లెములవంటి గుంటలు కనబడును; అవి మగచేపలు త్రవ్వినవి. ఆ గుంటలయొద్ద గాలము వేసినవారికి చేతినిండ చేపలు. అయితే దేవుడు ఈ చేపకు ఒక వింత గుణమిచ్చెను. ఆడచేప తన గ్రుడ్లను నోటిలో పెట్టుకొని, పిల్లలగువరకు మోయును. ఆ దినములలో అది దాదాపు మేత మానివేయును. ఎంత మంచి ఎర్రను దానియెదుట వ్రేలాడదీసినను దానికి అక్కరలేదు, దాని నోరు నిండియున్నది. దేవుని వాక్యమును హృదయములో దాచుకొన్న మనుష్యుని గూర్చి 119వ కీర్తన 11వ వచనములో చదివినప్పుడెల్ల ఈ తల్లిచేప నా తలంపునకు వచ్చును.

సహోదరులారా, చూచితిరా, ఒక్కొక్క చేపకు ఒక్కొక్క ఎర. పరిగెకు కప్పను చూపువాడు లేడు, కొర్రమీనుకు పిండి చూపువాడు లేడు. నేర్పరియైనవాడు ముందు చేప ఆకలి యేదో తెలిసికొని, తరువాత గాలము కట్టును. యాకోబు తన పత్రికలో చెప్పినది ఇదియే. శోధింపబడువాడు బయటనున్న దేనిచేతనో కాదు, తన స్వంత కోరికచేతనే ఈడ్వబడుచున్నాడని ఆయన వ్రాసెను. మన బైబిలులో మరులుకొల్పబడుట అని యున్నచోట గ్రీకు మూలములో ఎర అను మాటనుండి పుట్టిన మాట యున్నది. ఎర చూపి పట్టుట అని దాని భావము. క్రొత్తనిబంధన అంతటిలో ఆ మాట మూడు చోట్లనే వచ్చును: ఒకటి యాకోబులో, తక్కిన రెండును 2 పేతురు 2:14, 18 వచనములలో. జాలరి పేరిట నున్న పత్రికలో ఆ మాట ఉండుట ఎంత తగియున్నది!

కావున మీ పొరుగువాడు ఏ ఎరకు పడెనో దానిని చూచి నవ్వకుడి. సారా దుకాణము మిమ్మును లాగకపోవచ్చును. అది మీ ఎర కాదు, అంతే. మీకు పొగడ్త ఎర కావచ్చును, సంఘములో ముందు కుర్చీ ఎర కావచ్చును. అన్నిటికంటె భయంకరమైనది కొర్రమీనుకు వేసిన ఎర. దురాశ యేమియు లేని తండ్రి, కుమార్తె పెండ్లి కొరకు, కుమారుని కాలేజీ ఫీజు కొరకు, ప్రేమచేతనే నోరు తెరచి పట్టబడుచున్నాడు.

పెద్ద చేపల కొరకు గాలము వేయువారు మరియొక పని చేయుదురు. తవుడును వేరుసెనగ చెక్కను వేయించి ముద్దలు చేసి, గాలము లేకుండ ఉట్టి మేతగా ఒకే చోట నీటిలో వేయుదురు. చేపలు వచ్చి తిని పోవును, మరల వచ్చును, ఏ హానియు కలుగదు. అవి ఆ చోటికి అలవాటు పడిన తరువాత అదే మేతలో గాలము దిగును. నేడు మన యౌవనుల చేతులలోని సెల్‌ఫోనులలో జరుగుచున్నది ఇదే వేట. కాగితములు లేవు, పూచీ లేదు, అయిదు నిమిషములలో రెండు మూడు వేలు వచ్చును. మొదటి అప్పు సులభముగా తీరును. తరువాత ఇంకొకటి. ఆ పిమ్మట వడ్డీమీద వడ్డీ, ఫోనులోని బంధువులందరికి అవమానపు సందేశములు. 2020 డిసెంబరులో మన హైదరాబాదులో పోలీసులు ఇట్టి యాప్‌లను నడిపినవారిని పట్టుకొనిరి. అంతకుముందే మన రాష్ట్రములో కొందరు అప్పులవాళ్లు ఆ వేధింపు తాళలేక ప్రాణములు తీసికొనిరి.

గాలపు మొనకు వెనుకకు తిరిగిన చిన్న ముల్లొకటి యుండును. పోవునప్పుడు అది తెలియనే తెలియదు, వెనుకకు లాగినప్పుడు మాంసమును చీల్చును. పిల్లవాని వ్రేలిలో గాలము లోతుగా దిగినప్పుడు తెలిసినవారు దానిని వెనుకకు పెరుకరు. ముందుకు నెట్టి, మొన చర్మము దాటి బయటికి వచ్చిన తరువాత ఆ ముల్లును పట్టకారుతో త్రుంచి, అప్పుడు గాలమును తీయుదురు. నొప్పి కలుగును, గాని చీలదు. మీ ఇంటిలో ఎవరికైనను ఈ అప్పుగాలము తగిలియున్నయెడల దానిని దాచి లోలోపల పెరుగుకొనకుడి, బయటికి రానీయుడి. భార్యతో చెప్పుడి, తండ్రితో చెప్పుడి, 1930 అను నంబరునకు ఫోను చేసి పోలీసువారికి తెలుపుడి, కాపరియొద్దకు ఏ రాత్రియైనను రండి. బిడ్డ వచ్చి చెప్పినప్పుడు తల్లిదండ్రులారా, మొదటి మాట తిట్టుగా ఉండకూడదు. ఆ మొదటి మాటకు భయపడియే అనేకులు చెప్పక పోవుచున్నారు.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టును. మనము కూడ మనుష్యులను పట్టువారమని పిలువబడితిమి గదా, మరి మన ఎర యేది? పాలపొడి కొరకు, గోధుమరవ్వ కొరకు కలిసినవారని మన పెద్దలను గూర్చి హేళనగా అనిన మాటలు మీరు వినియున్నారు. ఆ మాట పౌలుకే తప్పలేదు. తంత్రముచేత పట్టెనని తనపై వచ్చిన నిందకు ఆయన 2 కొరింథీయులకు 12:16 మొదలుకొని జవాబు చెప్పుచున్నాడు.

సువార్తలన్నిటిలో గాలము ఒక్కసారియే కనబడును, మత్తయి 17:27లో. ప్రభువు పేతురును గాలము వేయుమని పంపెను, మొదటి చేప నోట నాణెము దొరకెను. గలిలయ సముద్రపు చేపలనెరిగినవారు అది మన పరిగెల జాతికి చుట్టమైన మీసాల చేప కావచ్చునని చెప్పుదురు. ఏలయనగా అచ్చటి జిలేబి జాతి చేప నీటిలోని సన్నని నాచును తినునది గనుక గాలమునకు అంతగా రాదు. ఏ చేపయైననేమి, ఆ గాలము పన్ను కట్టుటకు వేయబడినది, మనుష్యుల కొరకు కాదు. మనుష్యులను పట్టుమని చెప్పినప్పుడు పేతురు చేతిలో నున్నది వల, వలకు ఎర లేదు. లూకా 5:10లో ప్రభువు వాడిన మాటకు మూలములో ప్రాణముతో పట్టుట అని అర్థము. ఆ మాట క్రొత్తనిబంధనలో మరి ఒక్కచోటనే యున్నది, 2 తిమోతికి 2:26లో, అపవాది ఉరిని గూర్చి చెప్పునప్పుడు. పట్టువారు ఇద్దరును కలరన్నమాట. చేయి చాచుట ఇద్దరిదియు ఒకటే, మరుగుపరచినది ఏమైన ఉన్నదా అనునదే భేదము.

ఆకలిగొన్నవానికి అన్నము పెట్టవద్దని నేను చెప్పుటలేదు, అన్నమును గాలమునకు గ్రుచ్చవద్దని చెప్పుచున్నాను. ఈ భేదమును చేసి చూపినవాడొకడు తెలుగు సంఘ చరిత్రలో కలడు. ఒంగోలు మన మేడ్చల్ సీమకు దూరము, వారి మిషనును వేరు. అయినను ఇది మనమెరుగవలసిన కథ. 1876 మొదలు 1878 వరకు గొప్ప కరువు వచ్చినప్పుడు ఒంగోలులో నున్న అమెరికను బాప్తిస్టు మిషనెరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో ఒక భాగమును గుత్తకు తీసికొని, వేలమంది బీదలకు పనియు కూలియు కల్పించెను. ఆ జనులలో అనేకులు సువార్త విని బాప్తిస్మమడిగిరి. ఆయన ఇయ్యలేదు. కూలి కొరకు వచ్చినవారెవరో, ప్రభువు కొరకు వచ్చినవారెవరో తెలియు మార్గము లేదని, కరువు సహాయము జరిగినంతకాలము ఒక్కనికిని ఇయ్యక నిలిపివేసెను. వేలమంది అడుగుచుండగా ఇయ్యననుట ఎంత కష్టమో సంఘము నడుపువారికి తెలియును.

1878లో ఆ సహాయపు పని ముగిసిన తరువాత, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లియొద్ద జనులు కూడివచ్చిరి. ఇక ఇచ్చుటకేమియు లేదని ఆయన వారితో చెప్పెను. సహాయము తమకక్కరలేదనియు, రెక్కల కష్టముతో బ్రదుకుదుమనియు, పంట పోయి చావవలసివచ్చినయెడల క్రైస్తవులుగా చచ్చెదమనియు వారు బదులు చెప్పిరి. అప్పుడు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా ఏటిలో దిగిరి. వారలసినప్పుడు మరి ఇద్దరు వారి చోట నిలిచిరి. జూలై 3వ తేదీన, ఆ ఒక్క దినమున, 2,222 మంది ఆ నీటిలోనికి దిగి బాప్తిస్మము పొంది పైకి వచ్చిరి.